సీయూఈటీ ఇంగ్లిష్: నాకు బాగా తెలిసిన పత్తి పాసేజీలోనే మార్కులు పోయాయి

సరిపోదు తమ్ముడూ. టెన్త్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు హనుమకొండలో ఇంటర్ సెకండియర్ సీఈసీ, ఒక్కో పాసేజీ చదివి ప్రశ్నలకు జవాబులు పెట్టడానికి పావుగంట పడుతోంది, మూడు వేల పదాల లిస్టు బట్టీ పడితే సీయూఈటీ (సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకు రాసే ఎంట్రెన్స్) ఇంగ్లిష్ గట్టెక్కుతానా అని అడిగావు. అలాంటి లిస్టు నేనూ బట్టీ పట్టాను. మాది పరకాల దగ్గర ఊరు, నేనూ తెలుగు మీడియమే. 2023లో సీయూఈటీ రాసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటిగ్రేటెడ్ ఎంఏలో చేరాను.

హనుమకొండలో ఒక కోచింగ్ సెంటర్‌లో రోజుకి యాభై పదాలు ఇచ్చేవారు. పదం, పక్కన ఒక్క తెలుగు అర్థం, అంతే. 'శాంక్షన్' అంటే మంజూరు. అది నాకు కొత్తేం కాదు, ఊళ్లో లోన్ శాంక్షన్ అయిందంటే ఎంత సంబురమో తెలుసు కదా. మాక్ టెస్టులో ఒక దేశం ఇంకో దేశం మీద శాంక్షన్లు పెట్టిందని వస్తే, ఏదో సాయం మంజూరు చేసిందనుకుని పాసేజీ అంతా తలకిందులుగా చదివాను. అక్కడ దాని అర్థం ఆంక్షలు. నన్నడిగితే తెలియని పదాల కన్నా మనం రోజూ వాడే ఇంగ్లిష్ పదాలే ఎక్కువ మోసం చేస్తాయి. మనం 'వాడు వస్తాడని నా డౌట్' అంటే వస్తాడేమో అని. ఇంగ్లిష్‌వాడు 'ఐ డౌట్ హీ విల్ కమ్' అంటే రాడనే అనుకుంటున్నాడు. రచయిత అభిప్రాయం ఏమిటి అనే ప్రశ్న ఇలాంటి పదం మీదే ఆధారపడితే జవాబు సరిగ్గా తిరగబడుతుంది. 'టెంపర్' కూడా అంతే. మనకు కోపం. పాసేజీలో ఒకాయన తన విమర్శను 'టెంపర్' చేశాడంటే కాస్త మెత్తబరిచాడని.

ఇప్పుడు అసలు సంగతి. ఒక మాక్‌లో రెండు పాసేజీలు వచ్చాయి. ఒకటి మంచు ఖండాల గురించి, రెండోది పత్తి సాగు గురించి. మంచు గురించి నాకేం తెలుసు? భయపడుతూ రాశాను. పత్తి అనగానే ప్రాణం లేచి వచ్చింది. మా నాన్న వేసేది పత్తే, ఏరడానికి నేనూ పోయేదాన్ని. రిజల్ట్ చూస్తే మంచు పాసేజీలో ఐదుకు నాలుగు, పత్తిలో ఐదుకు రెండు.

చాలాసేపు కంప్యూటర్ తప్పు అనుకున్నాను. మళ్లీ చదివితే అర్థమైంది. కొందరు రైతులు తిండి పంటలు మాని పత్తికి ఎందుకు మారారు అన్నది ప్రశ్న. నేను పెట్టిన ఆప్షన్‌లో అప్పులు, పురుగుమందుల ఖర్చు అని ఉంది. మా ఇంట్లో రోజూ వినే మాట అది. కానీ ఆ పాసేజీలో అప్పు అన్న మాటే లేదు. మార్కెట్‌లో ధర బాగుందని మారారని రెండో పేరాలో ఒక్క లైన్ ఉంది, అంతే. నేను పాసేజీకి కాకుండా మా నాన్నకు జవాబు రాసి వచ్చాను.

ఆ రోజు నుంచి ఒకటే నియమం పెట్టుకున్నాను. ఏ ఆప్షన్ పెట్టినా అది ఏ లైన్‌లో ఉందో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే, ఎంత నిజమైనా అది జవాబు కాదు. రచయిత నేరుగా చెప్పకుండా సూచించినదాన్ని అడిగే ప్రశ్నలకు కూడా ఆ సూచన ఎక్కడ ఉందో ఒక లైన్ దొరుకుతుంది.

తప్పులకు ఒక నోట్‌బుక్ పెట్టు. సరైన జవాబు ఏదో రాసుకుంటే లాభం లేదు, నువ్వు పెట్టింది ఎందుకు తప్పో రాయాలి. నేను మూడే మాటలు రాసేదాన్ని. 'సొంతం' అంటే పాసేజీలో లేనిది నా బుర్రలోంచి వచ్చింది. 'అతి' అంటే పాసేజీలో 'సమ్', 'మే' అని ఉంటే ఆప్షన్‌లో 'ఆల్', 'ఆల్వేస్' అని ఉంది, నేను గమనించలేదు. 'తారుమారు' అంటే కారణాన్ని ఫలితంగా, ఫలితాన్ని కారణంగా మార్చిన ఆప్షన్‌కు పడ్డాను. రెండు వారాలు రాశాక నీ జబ్బు ఏదో నీకే కనిపిస్తుంది. నాది సగానికి పైగా 'సొంతం'. మా ఫ్రెండ్‌ది అంతా 'అతి'.

స్పీడ్ గురించి. మన తెలుగులో క్రియ చివర్లో వస్తుంది, అందుకే వాక్యం అయ్యేదాకా ఆగి అర్థం చేసుకునే అలవాటు. ఇంగ్లిష్‌లో ఎవరు, ఏం చేశారు అన్నది చాలావరకు ముందే వచ్చేస్తుంది, తర్వాత 'విచ్', 'హూ' అంటూ తోక సాగుతుంది. మనం ఆ తోక చివరిదాకా వెళ్లి, అసలు విషయం మర్చిపోయి, మళ్లీ మొదటికి వస్తాం. నీ పావుగంటలో సగం అక్కడే పోతుందని నా అనుమానం. మొదటిసారి చదివేటప్పుడు ఎవరు, ఏం చేశారు అన్నదే పట్టుకో. తోకలు ప్రశ్న అడిగితే చూసుకోవచ్చు. 'హవెవర్', 'బట్', 'ఆల్దో' దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగు, రచయిత మాట మార్చేది అక్కడే. పదం పదం తెలుగులోకి మార్చకు. పేరా అయ్యాక మాత్రం ఒక్క తెలుగు వాక్యంలో చెప్పుకో. నేను మా అమ్మకు చెప్పేదాన్ని. ఆమె బియ్యం ఏరుకుంటూ 'అయితే ఏమంటడు?' అనేది. చెప్పలేకపోతే నాకు అర్థం కానట్టే.

నేను రాసినప్పుడు 50 ప్రశ్నల్లో 40 చేస్తే చాలు, 45 నిమిషాలు. 2025 నుంచి ఛాయిస్ తీసేశారు. 50కి 50, గంట టైమ్, ఒప్పుకు 5, తప్పుకు మైనస్ 1. అంటే ప్రశ్నకు 72 సెకన్లు. ఐదు ప్రశ్నల పాసేజీ ఆరు నిమిషాల్లో అవ్వాలి. పాసేజీలు మూడు రకాలు, సమాచారం ఇచ్చేవి, కథలా సాగేవి, సాహిత్యానివి. 300, 350 పదాలకు మించవు కాబట్టి కుదురుతుంది. పర్యాయపదాల్లాంటివి ఇరవై సెకన్లలో అయిపోతాయి, ఆ మిగులు ఇక్కడ వాడుకో. రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితే మిగతా రెండింట్లో ఒకటి పెట్టు, వదిలేయకు. అలాంటివి పది పెట్టి ఐదే ఒప్పయినా 25 వచ్చి 5 పోతాయి. మైనస్ అంటే టెన్షన్ పడి నేను ఆరు వదిలేశాను, ఇప్పటికీ బాధే.

ప్రింట్ తీసుకుని పెన్నుతో గీతలు గీస్తూ ప్రాక్టీస్ చేయకు. పరీక్ష కంప్యూటర్ మీద, అక్కడ పెన్ను గీత పడదు. ఈ పరీక్ష పెట్టే ఎన్‌టీఏ సైట్‌లో మాక్ టెస్టులు ఫ్రీగానే ఉంటాయి. నెట్ సెంటర్‌లో కూర్చుని చెయ్యి, మౌస్ బాణాన్నే వేలు అనుకుని లైన్ వెంట జరుపు.

రోజుకు రెండు పాసేజీలు చాలు, వాటి తప్పుల మీద ఇంకో అరగంట. ఇంగ్లిష్ పేపర్ ఎడిటోరియల్‌తో మొదలుపెట్టకు, వారంలో విరక్తి వస్తుంది. నీ ఇంటర్ ఇంగ్లిష్ పుస్తకంలో పాఠాలతో మొదలుపెట్టి, తర్వాత పేపర్‌లో జిల్లా వార్తలు, నెల తర్వాత ఎడిటోరియల్. పేపర్ కొనక్కర్లేదు, హనుమకొండ లైబ్రరీలో దొరుకుతుంది. కాకపోతే తలుపు తీయగానే వెళ్లు. గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదివే అన్నలు మొదటి గంటలోనే సీట్లన్నీ పట్టేస్తారు, పది దాటితే ఎడిటోరియల్ పేజీ ఎవరి చేతిలో ఉందో వెతుక్కోవాలి.