ఎనిమిదో నెలలో అరచేతులు, అరికాళ్ళు దురద. ఎల్‌ఎఫ్‌టీ (కాలేయం పనితీరు చూసే రక్తపరీక్ష) నార్మల్. వదిలేయొచ్చా?

వదిలేయకండమ్మా. ఒంటిమీద దద్దుర్లు లేవు, దురద రాత్రిపూటే ఎక్కువ అంటున్నారు. ఇది గర్భిణులకు వచ్చే కొలెస్టాసిస్ కావచ్చు. కాలేయంలోంచి పిత్తరసం సరిగ్గా దిగక, అందులోని ఆమ్లాలు (బైల్ యాసిడ్స్) రక్తంలో చేరతాయి. "పొట్ట సాగుతోంది, వేడి చేసింది" అని ఇంట్లో అంటారు గానీ, పొట్ట సాగితే అరికాళ్ళు దురద పెట్టవు కదా.

మామూలు ఎల్‌ఎఫ్‌టీలో బైల్ యాసిడ్స్ ఉండవు. 'సీరం బైల్ యాసిడ్స్' అని విడిగా రాయించుకోండి. పరగడుపున ఉండక్కర్లేదు. చాలా ల్యాబులు శాంపిల్ బయటికి పంపుతాయి కాబట్టి రిపోర్టు ఎప్పుడొస్తుందో ముందే అడగండి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఎక్కువుందని కంగారు వద్దు, అది మాయ నుంచీ వస్తుంది. ఎల్‌ఎఫ్‌టీలోనే ఉండే ఎస్‌జీపీటీ చూడండి, కాలేయం దెబ్బతింటే పెరిగేది అది. అన్నీ నార్మల్ వచ్చినా దురద తగ్గకపోతే ఒకటి రెండు వారాల్లో మళ్ళీ చేయించాలి. దురద మొదలైన కొన్ని వారాలకు గానీ రక్తంలో తేడా కనిపించని వాళ్ళున్నారు.

బ్రిటన్ ప్రసూతి వైద్యుల కాలేజీ 2022లో ఇచ్చిన లెక్క ఇది: బైల్ యాసిడ్స్ లీటరుకు 19–39 మైక్రోమోల్ ఉంటే 40వ వారంలోపు కాన్పు, 40–99 ఉంటే 38–39 వారాల్లో, 100 దాటితే 35–36 వారాల్లో. 100 దాటాక కడుపులో బిడ్డ పోయే ప్రమాదం సుమారు 3 శాతానికి చేరుతుంది, అదీ ఉన్నట్టుండి. నిన్న ఎన్‌ఎస్‌టీ (బిడ్డ గుండె కొట్టుకోవడం చూసే పరీక్ష) బాగుందన్నది రేపటికి భరోసా కాదు. కవలలున్నా, బీపీ, షుగర్ ఉన్నా డాక్టరు ఇంకాస్త ముందే నిర్ణయిస్తారు.

ఉర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ 300 మి.గ్రా. మాత్ర రోజుకు రెండు మూడుసార్లు రాస్తారు. దురద కొంత తగ్గుతుంది, అంతే. 605 మందితో చేసి 2019లో వెలువరించిన బ్రిటిష్ పరిశోధనలో అది బిడ్డను కాపాడుతుందని తేలలేదు. మాత్ర వేసుకుంటున్నాం కదా అని కాన్పు తేదీ జరపమని అడగొద్దు.

పసరు మందు, నేల ఉసిరి రసం అసలే వద్దు. దెబ్బతిన్న కాలేయం మీద ఇంకో భారం అది. కళ్ళు పచ్చబడినా, వాంతులు, తలనొప్పి, డొక్క కింద కుడిపక్క నొప్పి వచ్చినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. బీపీ, ప్లేట్‌లెట్లు, పీటీ (రక్తం గడ్డకట్టే సమయం), షుగర్, హెపటైటిస్-ఈ చూడాలి. ఈ లక్షణాల వెనక ఉండే జబ్బులు కొలెస్టాసిస్‌కంటే తొందరగా ముంచుతాయి. బిడ్డ కదలిక తగ్గినా రాత్రి అని ఆగొద్దు.

కాన్పు తర్వాత ఆరు వారాలకు ఎల్‌ఎఫ్‌టీ మళ్ళీ చేయించండి. తర్వాతి కాన్పులో ఇది తిరిగి రావడం మామూలే. ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు రాస్తుంటే ఈ సంగతి ముందే చెప్పండి.