డిస్క్ జారితే ఆపరేషన్ వెంటనే చేయించుకోవాలా?

ప్రశ్న: మా వారి వయసు 46. సిమెంటు దుకాణంలో గుమస్తా. రెండు నెలలుగా నడుము నుంచి ఎడమ పిక్క దాకా నొప్పి లాగుతోంది. ఎంఆర్‌ఐలో ఎల్4-ఎల్5 దగ్గర, అంటే నాలుగు, ఐదు నడుము పూసల మధ్య, డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని తేలింది. ఆపరేషన్ అయితే త్వరగా తగ్గుతుందని డాక్టరు గారు అన్నారు. వెన్నెముకకు కత్తి పెడితే కాళ్లు పడిపోతాయని మా అత్తగారి భయం. ఆగితే నరం పూర్తిగా పాడవుతుందేమోనని నా భయం. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, నిజామాబాద్

జవాబు: అమ్మా, మీ డాక్టరు గారు వాడిన ‘త్వరగా’ అన్న మాటలోనే అసలు విషయం ఉంది. సరిగ్గా మీ వారి వంటి రోగుల మీద, అంటే ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో (నరం నొక్కుకుని నడుము నుంచి కాలికి లాగే నొప్పితో) బాధపడుతున్న 283 మంది మీద నెదర్లాండ్స్‌లో జరిగిన అధ్యయనం 2007లో వెలువడింది. కొందరికి వెంటనే ఆపరేషన్ చేయాలని, మిగిలినవారికి మందులతో వేచి చూసి, అవసరమైతేనే చేయాలని చీటీ వేసినట్టు నిర్ణయించారు. వెంటనే చేయించుకున్నవారికి కాలి నొప్పి చాలా ముందుగా తగ్గింది. అయితే ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామనే చెప్పారు. వేచి చూసిన వర్గంలో 39 శాతం మంది నొప్పికి తాళలేక ఆ ఏడాదిలోపే ఆపరేషన్ చేయించుకున్నారన్నది కూడా మరువకూడదు. కాబట్టి ఆపరేషన్ వల్ల ప్రధానంగా కలిసివచ్చేది కాలం. రాత్రి నిద్ర, పగలు పని రెండూ పోయిన మనిషికి అది చిన్న లాభమేమీ కాదు; నొప్పి ఇప్పటికే తగ్గుముఖం పడుతుంటే మాత్రం ఆగడమే మేలని నా అభిప్రాయం.

ఎంఆర్‌ఐ కాగితం ఒక్కటే చూసి నిర్ణయించకండి. నడుము నొప్పి అన్నదే లేని 98 మందికి స్కాన్ తీస్తే సగానికి పైగా మందిలో ఏదో ఒక డిస్క్ ఉబ్బి కనిపించిందని 1994లోనే ఒక అమెరికా అధ్యయనం చూపింది. స్కాన్‌లో కనిపించినదీ కాలిలో నొప్పి ఉన్న చోటూ ఒకే నరానికి చెందినవా అన్నది డాక్టరు గారిని అడగండి.

మీ అత్తగారి భయానికి ఒక సమాధానం ఉంది. పెద్దవారిలో వెన్నుపాము సాధారణంగా మొదటి, రెండవ నడుము పూసల దగ్గరే ముగుస్తుంది. ఎల్4-ఎల్5 దగ్గర ఉండేవి విడివిడి నరాల మూలాలు. నరానికి గాయం, నరాల చుట్టూ ఉండే పొర చిరగడం, ఇన్‌ఫెక్షన్, డిస్క్ మళ్లీ జారడం వంటి ప్రమాదాలు లేకపోలేదు కానీ, రెండు కాళ్లూ పడిపోవడం చాలా అరుదు.

మీ భయం నిజమయ్యే సందర్భాలూ ఉన్నాయి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ తగ్గినా, రెండు కాళ్లూ బలహీనపడినా అది వెన్ను కింది భాగంలోని నరాల గుత్తి నలిగే కాడా ఈక్వైనా అనే అత్యవసర స్థితి కావచ్చు; తెల్లవారే దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా వెంటనే చూపించాలి. పైన చెప్పిన అధ్యయనంలో ఇటువంటి తీవ్రమైన లక్షణాలున్నవారిని చేర్చుకోలేదు కనుక, ఆ ఫలితాలు వారికి వర్తించవు.

ఆపరేషనే నిర్ణయించుకుంటే మధుమేహాన్ని అదుపులోకి తెచ్చుకోవాలి, పొగ మానాలి, రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. తరువాత జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము, నీరు కారినా ఫోనులో సలహాతో సరిపెట్టుకోకండి. కాలి నొప్పి తగ్గినా తిమ్మిరి కొన్ని నెలలు ఉండవచ్చు. అంతమాత్రాన ఆపరేషన్ విఫలమైందని అనుకోనక్కరలేదు.