నయమయ్యాకే కలిసి బతుకుదామంటున్నాడు

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. ప్రొద్దుటూరులో ఒక బట్టల కొట్టులో లెక్కలు రాస్తాను. నేను మగవాళ్లను ఇష్టపడే మగవాణ్ణి, ఇంట్లో ఈ సంగతి తెలియదు. మూడేళ్ల కిందట హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. కడపలో తెలిసినవాళ్లు చూస్తారని అనంతపురం పోయి మందులు తెచ్చుకుంటున్నాను. బస్సులో సీసా గలగలమనకుండా అందులో దూది కుక్కుకుంటాను. నిరుడు రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ రిపోర్టులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని వచ్చింది. నాలాగే మగవాళ్లను ఇష్టపడేవాళ్లం నలుగురం ఆదివారాలు కలుస్తాం. నా సంగతి తెలిసినప్పటి నుంచి అందరికీ స్టీలు గ్లాసులో టీ పోసి నాకు మాత్రం కాగితం కప్పులో పోస్తున్నారు. ఆరేళ్లుగా నాతో ఉన్న స్నేహితుడు, ‘విదేశాల్లో ఈ జబ్బు నయం చేశారంట, మన దాకా వచ్చేవరకు దూరంగా ఉందాం, నయమయ్యాకే కలిసి బతుకుదాం’ అంటున్నాడు. కర్నూలు వైపు ఒకాయన, మాత్రలు మానేసి తన పొడి మూడు నెలలు వాడితే నెగెటివ్ అవుతుందని చెప్పి 40 వేలు అడుగుతున్నాడు. అమ్మ సంబంధాలు చూస్తోంది. నేనేం చేయాలి?

జవాబు: మీ ఉత్తరంలో ముందుగా జవాబు చెప్పవలసింది పొడి సంగతికి. ఒక్క రోజు కూడా మాత్ర మానకండి. మీరు వేసుకునే మందు వైరస్‌ను పెరగనివ్వకుండా ఆపుతుంది, అయితే కొన్ని రక్తకణాల లోపల, వాటి జన్యుపదార్థంలోనే కలిసిపోయి నిద్రపోతున్న వైరస్‌ను అది తాకలేదు. మాత్ర మానితే ఆ నిద్రపోయేది లేస్తుంది, చాలామందిలో రెండు నుంచి నాలుగు వారాల్లోపే మళ్లీ రక్తంలో కనిపిస్తుంది. మాత్రతో పాటే పొడి కూడా వాడతానని అనుకున్నా ప్రమాదమే. అందులో ఇనుము, సున్నం వంటివి కలిస్తే మీ మాత్రలోని డోలుటెగ్రావిర్ అనే మందు ఒంటికి సరిగా పట్టదు. మరో మోసం కూడా ఇందులో ఉంది. మాత్ర వాడుతున్న మనిషికి వైరల్ లోడ్ కనిపించకపోవడం మందు పని చేస్తున్నదనడానికి గుర్తు. ఆ రిపోర్టు ఇప్పటికే మీ చేతిలో ఉంది. రహస్యంగా మాత్రలు వేసుకుంటూ పొడి కూడా తిన్న మనిషి రిపోర్టును చూపించి, ఇది నా పొడి మహిమ అని చెప్పుకోవడం ఎవరికైనా సులువే. మన దేశంలో మందుల నియమాల్లోని షెడ్యూల్ జె అనే జాబితా ప్రకారం ఎయిడ్స్‌ను నయం చేస్తానని ఏ మందు గురించీ చెప్పుకోకూడదు, ఆ జాబితాలో మొదటి పేరే ఎయిడ్స్.

ఇక విదేశాల మాట. మీ స్నేహితుడు విన్నది అబద్ధం కాదు, సగం మాత్రమే విన్నాడు. తిమోతీ రే బ్రౌన్ అనే అమెరికన్‌కు బెర్లిన్‌లో 2007లో ఎముకమజ్జ మార్పిడి చేశారు. ఆయన కూడా గే, ఆ మాట దాచుకోలేదు. రక్తక్యాన్సర్ వచ్చినందుకు ఆ చికిత్స చేయవలసి వచ్చింది, వైద్యులు మాత్రం హెచ్‌ఐవీ రక్తకణాల లోపలికి పోవడానికి వాడుకునే సీసీఆర్5 అనే ద్వారం పుట్టుకతోనే లేని దాతను వెతికి పట్టుకున్నారు. ఆయనకు హెచ్‌ఐవీ పోయింది, తర్వాత క్యాన్సరే తిరగబెట్టి 2020లో చనిపోయారు. తర్వాత లండన్‌లో ఆడమ్ కాస్టిలేహో, ఇంకొందరు అదే దారిలో బయటపడ్డారు. ప్రపంచమంతా కలిపినా ఇలాంటివారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే, వారంతా రక్తక్యాన్సర్ వంటి ప్రాణాంతక జబ్బుతో మజ్జమార్పిడి చేయించుకున్నవారే. ఆ చికిత్సలోనే ప్రాణాలు పోయే అపాయం ఉంది కాబట్టి, రోజుకొక మాత్రతో ఆరోగ్యంగా తిరుగుతున్న మీకు దాన్ని ఏ మంచి వైద్యుడూ చేయడు. పరిశోధన ఆగలేదు, ఆశ పెట్టుకోవడం తప్పు కాదు. అయితే తేదీ తెలియని రోజు కోసం ఇద్దరు మనుషుల బతుకును వాయిదా వేయడం నాకు సమ్మతం కాదు.

ఎందుకంటే మీ స్నేహితుడు దేనికి భయపడుతున్నాడో ఆ భయానికి జవాబు ఇప్పటికే వచ్చింది. యూరప్‌లో 14 దేశాల్లో, ఒకరికి హెచ్‌ఐవీ ఉండి మందుతో వైరస్ అణిగి ఉన్న, మరొకరికి లేని మగజంటలు 782ను సంవత్సరాల తరబడి గమనించి 2019లో ఫలితాలు ప్రకటించారు. కండోమ్ లేకుండా సుమారు 76 వేల సార్లు కలిసినా భాగస్వామి నుంచి ఒక్కరికి కూడా సోకలేదు. ఆ కాలంలో 15 మందికి హెచ్‌ఐవీ వచ్చిన మాట నిజమే, కానీ వైరస్ జన్యువులను పోల్చి చూస్తే అవి బయటి సంబంధాల వల్ల వచ్చినవని తేలింది. మాత్ర తప్పకుండా వేసుకుంటూ, పరీక్షలో వైరస్ కనిపించని మనిషి నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. సవాయి వంటి ఇతర సుఖవ్యాధుల నుంచి కాపాడుకోవడానికి కండోమ్ ఎలాగూ మంచిదే. అతనికి ఇంకా ధైర్యం చాలకపోతే, సోకకుండా ముందుగా వాడే మాత్ర గురించి వైద్యుణ్ణి అడగవచ్చు.

కాగితం కప్పు దగ్గరికి వస్తాను, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. టీ గ్లాసుతో హెచ్‌ఐవీ రాదని మిగతా ముగ్గురికి తెలియదని నేను అనుకోను. నా ఎదుట కూర్చున్న ఇటువంటి యువకుల్లో చాలామంది అన్నీ చదువుకొని వచ్చినవారే. అయినా తమలో ఒకరికి వచ్చిందని తెలియగానే, మనకూ వచ్చి ఉంటుందేమో, పరీక్ష చేయించుకుంటే ఏం తేలుతుందో అనే గుబులు వారిని పట్టుకుంటుంది. ఆ గుబులును ఆ మనిషి మీదికే తోసి, అతణ్ణి పక్కకు పెట్టి, తాము శుభ్రంగా ఉన్నామని నమ్మించుకుంటారు. ఊరు తమను ఎలా చూస్తుందోనని జీవితమంతా భయపడినవారే తమవాణ్ణి అలా చూడడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. అందుకే మీరు వారి మీద కోపం పెంచుకోవడం కంటే, వారిలో కాస్త మెత్తని మనసున్న ఒకరిని విడిగా పిలిచి, ‘నాకు కాగితం కప్పు వద్దు, నీతో పాటు నేను కూడా వస్తాను, పరీక్ష చేయించుకుందువు రా’ అని చెప్పడం మేలనిపిస్తుంది. మీ సంగతి బజారున పడేస్తామని ఎవరైనా బెదిరిస్తే, 2018 సెప్టెంబరులో అమలులోకి వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ఉద్యోగంలో, అద్దె ఇంట్లో, ఆసుపత్రిలో వివక్షను నిషేధిస్తుందని, ఆ నెలలోనే సుప్రీంకోర్టు 377వ సెక్షన్‌పై ఇచ్చిన తీర్పుతో ఇష్టపడి కలిసే పెద్దవాళ్ల సంబంధం నేరం కాకుండా పోయిందని గుర్తుంచుకోండి. సలహా కోసం 1097కు ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు.

నయం కావాలని మీరు కూడా కోరుకుంటున్నారు, అది సహజం. ఒకసారి మిమ్మల్ని మీరే అడగండి: ఆ రోజు వస్తే మీ జీవితంలో ఏది మారాలని ఆశిస్తున్నారు? నాతో మాట్లాడినవారు చాలామంది మాత్ర మానవచ్చునని చెప్పరు, ‘ఎవరికీ చెప్పుకోనవసరం ఉండదు, మళ్లీ మామూలు మనిషినవుతాను’ అంటారు. అంటే వారు మందు కోరుతున్నది వైరస్‌కు కాదు, సిగ్గుకు. ఆ సిగ్గు ఏ మజ్జమార్పిడితోనూ పోదు, స్టీలు గ్లాసు మీ చేతికి తిరిగి వచ్చిన రోజున కొంత పోతుంది.

అమ్మగారి విషయంలో నా మాట కొంచెం కఠినంగా ఉంటుంది. ఏమీ తెలియని ఒక అమ్మాయిని ఈ దాపరికంలోకి తీసుకురాకండి. వైరస్ సోకకపోయినా ఆమె బతుకు మోసపోతుంది. అమ్మకు అంతా ఇప్పుడే చెప్పవలసిన పని లేదు. ‘నేను పెళ్లి చేసుకోను, ఇది నా నిర్ణయం’ అన్న ఒక్క మాటను, ఎన్ని కన్నీళ్లు చూసినా మార్చకుండా చెప్పగలిగితే ప్రస్తుతానికి చాలు. మిగతాది ఎప్పుడు చెప్పాలో మీకే తెలుస్తుంది.

వైరల్ లోడ్ పరీక్ష ఏడాదికోసారి చేస్తారు కాబట్టి మీకు త్వరలోనే రావాలి. ఈసారి ఒంటరిగా అనంతపురం బస్సు ఎక్కకండి, మీ స్నేహితుణ్ణి వెంట తీసుకుపోండి. అక్కడి కౌన్సెలర్ ఎదుట ఇద్దరూ కూర్చుని, ఆ రిపోర్టులోని మూడు మాటలకు అర్థమేమిటో అతణ్ణి స్వయంగా అడగనివ్వండి. ఆ రోజు సీసాలో దూది పెట్టకుండా తిరిగి రావడానికి ప్రయత్నించండి.