ఏటి మొగలో ఉప్పు మారుతుంటే చెరువుకు నీరు ఎప్పుడు తోడాలి?

ప్రశ్న: మా రొయ్యల చెరువులకు ఏటి మొగ దగ్గరి పాయ నుంచి నీరు తోడుకుంటాం. ఎండాకాలంలో 30 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో ఉప్పు భాగాలు) దాటిన ఉప్పు, వానలు పడ్డాక అదే చోట 2కు పడిపోయింది. పోటు సమయం చూసే మోటారు వేశాం. అయినా రొయ్యల గుల్ల మెత్తబడింది, మేత తగ్గింది. నీరు ఎప్పుడు పెట్టుకోవాలి?

జవాబు: మీరు కొలిచిన 2 పీపీటీ పైనుంచి ముంచిన నీటిది అయి ఉండాలి. వరద కాలంలో మొగలో రెండు రకాల నీళ్లు ఒకదానిపై ఒకటి ఉంటాయి. ఏటి మంచినీరు తేలిక కాబట్టి పైన పరుచుకుని సముద్రం వైపు పోతుంది. బరువైన ఉప్పునీరు దాని కింద నుంచి ఎగువకు చొచ్చుకువస్తుంది. పైన 2 చూపిన చోటే అడుగున 15 ఉన్నా ఆశ్చర్యం లేదు. అయితే వరద ఉధృతంగా ఉంటే ఆ అడుగు పొరను కూడా మొగ బయటికి నెట్టేస్తుంది. అప్పుడు పోటుకు పాయలో మట్టం పెరుగుతుంది గానీ, పెరిగింది ఉప్పునీరు కాదు, సముద్రం అడ్డగించడంతో నిలిచిపోయిన వరద నీరే. మీకు ఎదురైంది ఇదేనని నా అభిప్రాయం. మట్టాన్ని చూసి ఉప్పును అంచనా వేయకండి.

మోటారు వేసే ముందు ప్రతిసారీ పైన, మధ్యలో, అడుగుకు కాస్త పైన కొలవండి. సీసాకు బరువు కట్టి, బిరడాకు వేరే తాడు కట్టి దించి, కావలసిన లోతులో బిరడా లాగితే ఆ లోతు నీరే వస్తుంది. దాన్ని ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌తో చూడండి. మామూలు రోజుల్లో ఉప్పు ఎక్కువగా ఉండేది పోటు చివరి గంటలో, నీరు తిరగబోయే ముందు. ప్రవాహం నెమ్మదించడంతో బురద కూడా కొంత దిగుతుంది. రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో ఈ వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి పోట్లకు ప్రవాహం బలంగా ఉండి పై నీరు, కింది నీరు బాగా కలుస్తాయి, ఉప్పు ఎగువకు చేరుతుంది. మురికి కూడా లేస్తుంది కనుక నీరు నిల్వ చేసే రిజర్వాయర్ చెరువులో తేర్చుకోవాలి. అష్టమి ప్రాంతంలో పోటు బలహీనం, పొరలు విడిగా నిలుస్తాయి. అడుగు నీటిలో ఆక్సిజన్ తగ్గేది ఎక్కువగా అప్పుడే. పైపు మూతిని మంచినీటి పొరకు కింద, బురదకు తగలకుండా ఉంచండి.

తొలి వానల నీటిని మాత్రం ఎంత పోటు ఉన్నా తోడవద్దని గట్టిగా చెబుతున్నాను. పొలాల మందులు, మురుగు కాలువల చెత్త, కొన్ని తీర నేలల్లో ఎండకు ఏర్పడిన ఆమ్లం అన్నీ ఆ మొదటి నీటితోనే దిగుతాయి. వానలకు ముందే రిజర్వాయర్ నింపుకున్నవారికి ఆ రోజుల్లో పాయతో పని ఉండదు.

చెరువు నీరు మార్చక తప్పని పరిస్థితి వస్తే కొద్దికొద్దిగా మార్చండి. 1.5 మీటర్ల లోతున్న చెరువులో 20 పీపీటీ ఉందనుకుందాం. 50 సెంటీమీటర్లు తీసి 2 పీపీటీ నీరు పెడితే ఒక్కసారిగా 14కు పడిపోతుంది. 15 సెంటీమీటర్లే మారిస్తే 18 దగ్గర ఆగుతుంది. వనామీ రకం రొయ్య చాలా తక్కువ ఉప్పులోనూ బతుకుతుంది, కానీ నెమ్మదిగా అలవాటు పడితేనే. రోజుకు 3 పీపీటీకి మించి తగ్గకుండా చూసుకోండి. చెరువుపై పడిన వాన నీటిని తూము పై పలకలు తీసి పైనుంచే వదిలేయండి.

ఎండాకాలంలో లెక్క తిరగబడవచ్చు. ఏటి ప్రవాహం ఆగిన లోతులేని పాయల్లో నీరు ఆవిరై, ఎగువన ఉప్పు సముద్రపు 35 పీపీటీని కూడా దాటుతుంది. అలాంటి చోట ఆటు నీరే ఎక్కువ ఉప్పు, పోటు నీరు తక్కువ. అప్పుడూ పోటుకే తోడాలి, కారణం మాత్రం వేరు, ఈసారి కావలసింది తక్కువ ఉప్పు నీరు. 30 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే సముద్రపు నీరు సుమారు 6.2 మాత్రమే పట్టుకుంటుంది కనుక ఏరేటర్ల (నీటిలో గాలి కలిపే యంత్రాల) గంటలు పెంచాలి. వర్షాలు ఆగాక చలికాలంలో ఉప్పు నెమ్మదిగా కోలుకుంటుంది. నీరు పెట్టుకోవడానికి అదే అనువైన సమయం.

ఇక ఇప్పుడున్న రొయ్యల సంగతి. వరద నీటిలో కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం తక్కువ కాబట్టి కుబుసం విడిచిన రొయ్యకు గుల్ల త్వరగా గట్టిపడదు. నీటి మార్పిడి ఆపండి. చెక్ ట్రేలు (మేత ఎంత తిన్నాయో చూసే పళ్లేలు) చూసి మేత తగ్గించండి, రాత్రి ఏరేటర్లు ఆపవద్దు. నీటి పరీక్షలో క్షారత (ఆమ్లాన్ని తట్టుకునే శక్తి) లీటరుకు 100 మిల్లీగ్రాముల కంటే తక్కువ వస్తే డోలమైట్ (కాల్షియం, మెగ్నీషియం ఉన్న రాతి పొడి) విడతలుగా చల్లండి. ఖనిజాలు ఎంత వేయాలో ఆ నివేదికను బట్టే నిర్ణయించండి. మెత్తబడటంతో పాటు రొయ్యలు గట్టు చేరుతుంటే, చనిపోతుంటే అది ఉప్పు మార్పు ఒక్కటే కాకపోవచ్చు. బతికున్న రొయ్యలను వెంటనే వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు పంపండి, ఫలితం వచ్చేదాకా ఆ చెరువు నీటిని పాయలోకి వదలకండి.