అల్లుడూ, ఇటలీకి అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదువు

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఇటలీకి ఆపిల్ పండ్లు తెంపే పనికి పోతానంటున్నావని, ఏజెంట్ తొమ్మిది లక్షలు అడిగాడని, అందులో మూడు లక్షలు ముందే కట్టాలన్నాడని, బావ అప్పుడే రెండెకరాల పాస్‌బుక్ పట్టుకుని వడ్డీకిచ్చే ఆయన దగ్గరికి పోయి మాట్లాడి వచ్చాడని చెప్పింది. ఫోన్‌లో నీతో మాట్లాడితే "సరే మామా, సరే మామా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా. రెండుసార్లు చదువు, రెండోసారి బావకి కూడా వినిపించు.

నిన్ను పోవద్దనడానికి రాయడం లేదు. మస్కట్‌లో, దుబాయ్‌లో కలిపి పదకొండేళ్లు, ఆ తర్వాత ఇటలీలో మూడు సీజన్లు చేసినవాణ్ణి, నేను నిన్ను పోవద్దంటే మీ అత్తే నవ్వుతుంది. కానీ ఈ వీసా లెక్క వేరు. గల్ఫ్‌కి అప్పు చేసి పోతే మొదటి ఏడాది అప్పుకి, రెండో ఏడాది మనకి అని మనవాళ్లు అనుకుంటారు, ఆ లెక్క కూడా ఎంతమందికి తప్పిందో నీకు తెలుసు. సీజన్ వీసాకి రెండో ఏడాదే లేదు. ఎక్కువలో ఎక్కువ తొమ్మిది నెలలు. అదీ చట్టంలో ఉన్న గరిష్ఠం, నీ కాంట్రాక్ట్‌లో మూడు నెలలే రాసి ఉండొచ్చు.

ఒక కాగితం తీసుకుని నాతో పాటు లెక్క వెయ్యి. నాకు ఆఖరి సీజన్‌లో కటింగులన్నీ పోను చేతికి రోజుకి 52 యూరోలు వచ్చాయి. నెలకి 24 రోజులు పని దొరికిందనుకో, 1,248 యూరోలు. గదికి, తిండికి, ఫోన్‌కి నాలుగు వందలు పోతాయి, ఎంత పొదుపుగా ఉన్నా పోతాయి. మిగిలేది 850 దాకా. యూరోకి వంద రూపాయలు వేసుకుంటే నెలకి 85 వేలు, ఐదు నెలలకి నాలుగు లక్షల పాతిక వేలు. రానుపోను టికెట్ తీసేస్తే మూడున్నర లక్షలు. ఇప్పుడు ఈ పక్క చూడు. తొమ్మిది లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకి 18 వేలు వడ్డీ. నువ్వు తిరిగొచ్చేసరికి అసలూ వడ్డీ కలిపి దాదాపు పది లక్షలు. చేతిలో మూడున్నర. అంటే ఐదు నెలలు చలిలో చెట్లెక్కి దిగి ఆరు లక్షలకి పైగా అప్పుతో ఇంటికొస్తావు.

నువ్వు రావు కదా మరి. ఎవడొస్తాడు? అక్కడే ఉండిపోతావు, కాగితాల గడువు అయిపోతుంది, ఖల్లివల్లి అవుతావు, అంటే కాగితాలు లేని మనిషివి. మనవాళ్లు దేశం మీద మోజుతో అక్కడ ఆగిపోతారని అందరూ అంటారు, నేను చూసినవాళ్లలో ఎక్కువమంది ఊళ్లో వడ్డీకి భయపడి ఆగిపోయినవాళ్లే. దుబాయ్‌లో నా గదిలోనే ఒకాయన ఆరేళ్లు అట్లా ఉన్నాడు, తండ్రి పోయినా రాలేకపోయాడు. క్షమాభిక్ష ప్రకటిస్తే ఔట్‌పాస్, అంటే ఇంటికి పోవడానికిచ్చే కాగితం, మీద వచ్చాడు.

మరి నిజంగా అయ్యే ఖర్చెంత అంటావా. వీసా ఫీజు 116 యూరోలు, వీసా సెంటర్ వాళ్ల చార్జీ, పోలీస్ క్లియరెన్స్‌కి 500 రూపాయలు, టికెట్, ఇన్సూరెన్స్, వీసా పని మీద తిరిగే బస్సు, లాడ్జి ఖర్చులు. ఎట్లా లెక్కేసినా లక్షన్నర దాటదు. ఇక మన దేశంలో రిజిస్టర్ అయిన రిక్రూటింగ్ ఏజెంట్ సర్వీస్ చార్జీ కింద 30 వేలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు, తీసుకున్నదానికి రసీదు ఇవ్వాలి. ఇది ఎమిగ్రేషన్ రూల్. ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఆ ఏజెంట్ లైసెన్స్ ఉందా, ఉంటే నడుస్తోందా, గడువు అయిపోయిందా అనేది ఐదు నిమిషాల్లో చూడొచ్చు. నువ్వు చూశావా? "మన ఊరోడే మామా" అన్నావట. మస్కట్‌లో నాకు ఏసీ టెక్నీషియన్ పని అని చెప్పి పంపి సిమెంట్ బస్తాలు మోయించినవాడు కూడా మన ఊరోడే, బంధువు కూడా.

ఇంకో సంగతి. ఇటలీ ఈసీఆర్ దేశాల్లో, అంటే పనికి పోయేముందు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన దేశాల్లో, లేదు. గల్ఫ్‌కైతే పదో తరగతి పాస్ కానివాళ్లకి క్లియరెన్స్ ఉండాలి, ఆ వంకతోనైనా ఒక ఆఫీసర్ కాగితాలు చూస్తాడు. ఇటలీకి ఆ గేటు లేదు. అందుకే లైసెన్స్ లేనివాళ్లంతా ఇప్పుడు ఇటలీ అంటున్నారు.

ఇప్పుడు అసలు పద్ధతి చెప్తా, ఎందుకంటే నీ ఏజెంట్ "అప్లికేషన్ నేను వేస్తా" అన్నాడని విన్నా. వాడు వెయ్యలేడు. నువ్వూ వెయ్యలేవు. ఇటలీలో ఉన్న యజమానే వెయ్యాలి. ఏటా ప్రభుత్వం ఒక కోటా ప్రకటిస్తుంది, దాన్ని ఫ్లుస్సీ అంటారు. 2026కి సీజన్ పనులకి 88,000 పెట్టారు. యజమానులు ఆన్‌లైన్‌లో దరఖాస్తు పంపే రోజుని క్లిక్ డే అంటారు, 2026లో పొలం పనులకి అది జనవరి 12, హోటల్, టూరిజం పనులకి ఫిబ్రవరి 9. ఆ తర్వాత వాళ్ల జిల్లా ఇమిగ్రేషన్ ఆఫీసు, దాన్ని స్పోర్తెల్లో ఊనికో అంటారు, అనుమతి కాగితం ఇస్తుంది. దాని పేరు నుల్లా ఓస్తా. నీకు కావాల్సింది అదే. ఏజెంట్ చూపించే "స్పాన్సర్ లెటర్", "ఆఫర్ లెటర్", వాటి మీద ఎన్ని ముద్రలున్నా అవి నుల్లా ఓస్తా కావు.

నుల్లా ఓస్తా చేతికొచ్చాక నీ పని మొదలవుతుంది, మన దేశంలో వీసాకి నువ్వు స్వయంగా పోయి వేలిముద్రలిచ్చి దరఖాస్తు పెట్టాలి. 2024 చివర్లో చట్టం మార్చి ఇంకో మెలిక పెట్టారు. నీ వీసా కాగితాల పరిశీలన పూర్తయ్యాక యజమానికి కబురు పోతుంది, అతను ఇచ్చిన గడువులోపు "అవును, ఈ మనిషి నాకు ఇంకా కావాలి" అని ఆన్‌లైన్‌లో ఖాయం చెయ్యాలి. చెయ్యకపోతే నుల్లా ఓస్తా రద్దు. అంటే యజమాని నిజమైనవాడు కాకపోయినా, ఫోన్ ఎత్తకపోయినా నీ డబ్బు అక్కడితో గోవిందా. ఈ రూల్ ఊరికే పెట్టలేదు. కంపానియా అనే రాష్ట్రం నుంచి ఉన్న పొలాలకి పొంతన లేనన్ని దరఖాస్తులు వచ్చిపడ్డాయని 2024 జూన్‌లో వాళ్ల ప్రధాని మెలోనీయే మాఫియా కేసులు చూసే ప్రాసిక్యూటర్ దగ్గరికి పోయి ఫిర్యాదు చేసింది. కాగితం మీద కంపెనీ, కాగితం మీద పని. మనిషి విమానం దిగి ఆ అడ్రస్‌కి పోతే తాళం.

అందుకని ఏజెంట్‌ని ఒకటే అడుగు, యజమాని పేరేంటి, పొలం ఏ ఊళ్లో. చెప్తే ఆ సంస్థ పన్ను నంబర్ అడుగు, పార్తీతా ఇవా అంటారు, 11 అంకెలుంటాయి. దాంతో అక్కడి చాంబర్ ఆఫ్ కామర్స్ రిజిస్టర్‌లో కొన్ని యూరోలకే సంస్థ వివరాలు తీయించొచ్చు, తీయించడానికి నాకు అక్కడ మనుషులున్నారు. తర్వాత యజమానితో వీడియో కాల్, ఆఫీసులో కాదు, తోటలో నిలబడి. నా యజమాని మొదటి కాల్‌లోనే ఫోన్ తిప్పి చెట్లు, గది, వంటిల్లు అన్నీ చూపించాడు, ఆయనకి దాచడానికి ఏముంది? పేరు అడగ్గానే "అది డబ్బు కట్టాక చెప్తాం" అంటే అక్కడి నుంచి లేచి వచ్చెయ్యి. టీ కూడా తాగకు.

"ముందు విజిట్ వీసా మీద పంపిస్తా, అక్కడికి పోయాక మార్పిస్తా" అంటే అది పచ్చి అబద్ధం. సీజన్ పనికి ఇక్కడి నుంచే ఆ పని వీసా కొట్టించుకుని పోవాలి. "పోయాక పర్మనెంట్ అవుతుంది" అన్నది మాత్రం సగం నిజం. కనీసం మూడు నెలలు సక్రమంగా పని చేసి, ఎవరైనా కొత్త కాంట్రాక్ట్ ఇస్తామంటే మార్చుకునే దారి ఉంది. ఆ "ఎవరైనా" దొరకాలి కదా.

పాస్‌పోర్ట్ సంగతి ఇప్పుడే చూసుకో, ఇది మన తెలుగువాళ్ల తలనొప్పి. నీ పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉందా, ఇంటిపేరు ముందుందా, పేరుతో కలిపేశారా? ఇటలీ కాగితాల్లో ఇంటిపేరుకి వేరే గడి ఉంటుంది, ఇంటిపేరు, పేరు, పుట్టిన తేదీ వీటిని బట్టే అక్కడి పన్ను కోడ్, కోదిచే ఫిస్కాలె, తయారవుతుంది. నుల్లా ఓస్తాలో ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఒకలా ఉంటే తిప్పి పంపుతారు. నా మొదటి సీజన్‌లో నా ఇంటిపేరుని పేరు అనుకుని, పేరుని ఇంటిపేరు అనుకుని రాశారు, అది సరిచేయించుకునేసరికి మూడు వారాల జీతం బ్యాంకులో పడకుండా ఆగింది. పుట్టిన తేదీ ఆధార్‌లో, పదో తరగతి మెమోలో ఒకటేనా అని కూడా చూడు. తేడా ఉంటే ఇప్పుడే మార్పించు.

దిగిన తర్వాత చట్టం ఇచ్చిన కొద్ది రోజుల గడువులోపే కాంట్రాక్ట్ సంతకాలు అయిపోవాలి, ఆ తర్వాత పోస్టాఫీసులో దరఖాస్తు ఫారాల కిట్ తీసుకుని అక్కడ ఉండే పర్మిట్‌కి, అంటే పెర్మెస్సోకి, దరఖాస్తు వెయ్యాలి. ఆ రసీదు బంగారం లెక్క దాచుకో. ఫోటో తీసి మీ అమ్మకి పంపు, నాకు పంపు. పాస్‌పోర్ట్ ఎవరికీ ఇవ్వకు, "మా దగ్గర భద్రంగా ఉంటుంది" అన్నా సరే. మస్కట్‌లో నా కఫీల్, అంటే నన్ను పిలిపించిన యజమాని, దగ్గర నా పాస్‌పోర్ట్ నాలుగేళ్లు భద్రంగానే ఉంది, మీ అమ్మమ్మ పోయినప్పుడు కూడా భద్రంగానే ఉంది.

పని గురించి కొంచెం. నేను ఉన్నది ఉత్తరాన త్రెంతినోలో, జూన్‌లో స్ట్రాబెర్రీ, ఆగస్టు ఆఖరు నుంచి ఆపిల్. మొదట గాలా, సెప్టెంబర్ మధ్యలో గోల్డెన్. ఆపిల్‌ని లాగకూడదు, అరచేతిలో పట్టుకుని పైకి తిప్పాలి, తొడిమ పండుతోనే రావాలి. తొడిమ ఊడితే ఆ కాయకి రేటు పడిపోతుంది. మామిడి తెంపినవాడివే కదా, రెండు రోజుల్లో వస్తుంది. రానిది చలి. అక్టోబర్‌లో తెల్లారి చెట్టు మీద మంచు ఉంటుంది, వేళ్లు పట్టవు, గ్లౌజులేసుకుంటే పండు తెలియదు. మొదటి వారం నేను ఏడ్చాను, ఇది మీ అత్తకి చెప్పకు.

పొలం పనికి వారానికి 39 గంటలు, రోజుకి ఆరున్నర గంటలు అని వాళ్ల జాతీయ ఒప్పందం. కూలి రేటు జిల్లాని బట్టి. నెలనెలా జీతం చీటీ ఇస్తారు, బుస్తా పాగా అంటారు, దాంట్లో నువ్వు చేసిన రోజులు సరిగ్గా ఉన్నాయా చూసుకో. 25 రోజులు చేయించుకుని చీటీలో ఎనిమిది రోజులు రాసే మోసం అక్కడ మామూలే. నేను గోడ మీద క్యాలెండర్‌లో రోజూ గంటలు రాసేవాణ్ణి, దాని ఫోటో తీసేవాణ్ణి. యజమాని గది ఇస్తే అద్దె జీతంలో మూడో వంతు దాటకూడదు, జీతంలోంచి తనంతట తాను కోసుకోకూడదు.

రోమ్‌కి దక్షిణాన లాటీనా అనే ఊరి పక్కన మన పంజాబీలు వేలమంది పొలాల్లో, గ్రీన్‌హౌసుల్లో పని చేస్తారు. 2024 జూన్‌లో అక్కడ ఒక పంజాబీ కుర్రాడికి మెషిన్‌లో పడి చెయ్యి తెగితే, ఆసుపత్రికి తీసుకుపోకుండా ఇంటి ముందు దించేసి పోయారు, తెగిన చెయ్యిని పండ్ల డబ్బాలో పెట్టి. రెండు రోజులకి రోమ్ ఆసుపత్రిలో చనిపోయాడు. 31 ఏళ్లు. అతని దగ్గర కాగితాలు లేవు. నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు, కాగితాలు లేని మనిషిని అక్కడ ఎట్లా చూస్తారో నీకు తెలియాలని చెప్తున్నా. దళారీ కూలీ పద్ధతికి కపోరాలాతో అని పేరుంది, దాని మీద 2016లో గట్టి చట్టం తెచ్చారు, దోపిడీ మీద ఫిర్యాదు చేసినవాళ్లకి ప్రత్యేక పర్మిట్ ఇచ్చే దారి కూడా 2024లో పెట్టారు. యూనియన్ ఆఫీసులుంటాయి, కాగితాల విషయంలో సాయం చేస్తాయి. దోపిడీకి, మనుషుల అక్రమ రవాణాకి బలైనవాళ్ల కోసం 800 290 290 అని ఉచిత నంబర్ ఒకటుంది, ఫోన్‌లో సేవ్ చేసుకో.

సీజన్ అయ్యాక టైముకి తిరిగిరావడం కూడా ఈ వీసాలో ఒక పెట్టుబడే. వచ్చినవాడికి మరుసటి ఏడాది అదే యజమాని పిలిస్తే ముందు వరుస, ఒకసారి పోయొచ్చినవాడికి మూడేళ్ల దాకా ఒకేసారి పర్మిట్ అడిగే వీలు కూడా ఉంది. నేను మూడుసార్లు పోయింది అట్లాగే. మొదటి సీజన్‌లో మిగిలింది తక్కువే, రెండోసారి నుంచే చేతికి అందింది. అప్పు లేకుండా పోయాను కాబట్టే రాగలిగాను.

నేను నా పాత యజమానికి ఇవాళ మెసేజ్ పెట్టాను, వచ్చే క్లిక్ డేకి ఒక మనిషి కావాలా అని. కావాలంటాడని మాట ఇవ్వలేను, ఆయన కొడుకులు తోట అమ్మేద్దామంటున్నారట. విదేశాల్లో పనులకి మనుషుల్ని పంపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ప్రకటనలు కూడా చూస్తూ ఉండు, ప్రభుత్వానిది కాబట్టి లక్షలు అడగదు. ఈలోపు ఇటాలియన్ ఓ వంద మాటలు నేర్చుకో, అంకెలు, వారాలు, నొప్పి, జీతం, ఎంత, ఎప్పుడు.

నీ పాస్‌పోర్ట్ మొదటి పేజీ, చివరి పేజీ ఫోటో తీసి ఇవాళే నాకు పంపు. ఏజెంట్ ఇచ్చిన కాగితాలు ఏమున్నా అవీ పంపు. ఆదివారం పొద్దున బస్సుకి నేను వస్తున్నా, బావని ఎక్కడికీ పోవద్దను, ఆ ఏజెంట్‌ని కూడా ఇంటికే పిలువు, మన ఊరోడే కదా. అప్పటిదాకా పాస్‌బుక్ మీ అమ్మ బీరువాలోనే ఉండాలి, తాళంచెవి ఆమె దగ్గరే ఉండాలి. అక్కకి కూడా ఫోన్ చేసి ఇదే చెప్తున్నా.

మీ మామ