ఆడని నాటకం రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

నీ మెసేజ్ చదివాను, పాటల ఆడియోలు కూడా విన్నాను, మూడోది అయితే మళ్ళీ పెట్టుకుని విన్నాను. డేట్ ఇచ్చిన నాటక సమాజం వాళ్ళు ఫోన్ ఎత్తటం మానేశారు, ఇక ఈ నాటకాన్ని పక్కన పడేసి వేరేది మొదలెట్టనా, లేకపోతే ఇదే మొత్తం తిరగరాయనా అని అడిగావు. పక్కన పెట్టు కానీ పడెయ్యకు. తిరగరాయటం మాత్రం అస్సలు వద్దు. ఎందుకంటున్నానో చెప్పాలంటే ఒక అమెరికావాడి సంగతి చెప్పాలి, కొంచెం పెద్దది, ఓపిగ్గా చదువు.

స్టీఫెన్ సోండ్‌హైమ్ పేరు వినే ఉంటావు. బ్రాడ్‌వే అంటే న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లుండే చోటు, అక్కడి మ్యూజికల్స్‌కి, అంటే పాటల నాటకాలకి, పాటల్లో మాటా ట్యూనూ రెండూ తనే కట్టుకున్న మనిషి, 2021లో పోయాడు. ఆయన ప్రొఫెషనల్‌గా రాసిన మొట్టమొదటి మ్యూజికల్ పేరు శాటర్‌డే నైట్. 1954, 55 ప్రాంతంలో రాశాడు, అప్పటికి పాతికేళ్ళ కుర్రాడు. కథ 1929లో న్యూయార్క్ బ్రూక్లిన్ పేట కుర్రాళ్ళది, శనివారం రాత్రి పక్కన అమ్మాయి లేక ఇంటి అరుగు మీద కూర్చుని ఉసూరుమంటుంటారు, వాళ్ళలో ఒకడు షేర్ల వ్యాపారం జరిగే వాల్ స్ట్రీట్‌లో చిన్న ఉద్యోగం చేస్తూ మాన్‌హాటన్ పెద్దింటి బాబులా పోజు కొడుతుంటాడు. కథా డైలాగులూ జూలియస్ ఎప్‌స్టీన్‌వి. ఈయనా ఈయన కవల సోదరుడూ కలిసి రాసిన పాత నాటకమే దానికి మూలం, కాసాబ్లాంకా అనే పేరుమోసిన హాలీవుడ్ సినిమా రాసిన వాళ్ళలో ఈ అన్నదమ్ములు కూడా ఉన్నారు, అంటే చిన్నాచితకా చెయ్యి కాదు. ప్రొడ్యూసర్ లెమ్యూయెల్ అయర్స్, ఓక్లహోమా అనే పెద్ద మ్యూజికల్‌కి సెట్లు వేసినవాడు, కిస్ మి కేట్ అనే ఇంకో మ్యూజికల్ ప్రొడ్యూస్ చేసిన ఇద్దరిలో ఒకడు.

ఇంతమంది ఉన్నారు కదా, ఇక ఆడేసినట్టే అనుకుంటాం. అక్కడ పద్ధతేంటంటే ముందు డబ్బు పెట్టేవాళ్ళని ఒక ఇంట్లోనో గదిలోనో కూర్చోబెట్టి, రచయిత పియానో ముందు కూర్చుని పాటలన్నీ వరసగా వినిపించాలి, నచ్చినవాళ్ళు చెక్కు రాస్తారు. సోండ్‌హైమూ వినిపించాడు. డబ్బు పోగవుతూ ఉండగానే 1955 ఆగస్టులో అయర్స్ పోయాడు, నలభై ఏళ్ళకే, బ్లడ్ క్యాన్సర్. షో ఆగిపోయింది. పాట బాగోక కాదు, కథ తేలిపోయి కాదు, మోసే మనిషి లేక ఆగింది. నువ్వు ఇది గట్టిగా పట్టించుకోవాలి, ఎందుకంటే నీ మెసేజ్ నిండా "నా రైటింగ్‌లోనే ఏదో లోపముంది" అనే ఏడుపే ఉంది. మన దగ్గర నాటక పోటీలు పెట్టే పరిషత్తుకి వెళ్ళాలంటే ఎక్కువగా గంటలో అయిపోయే నాటిక కావాలి, ఒక సెట్టు, తక్కువ మంది నటులు. నువ్వు రాసింది పద్నాలుగు పాటలతో రెండున్నర గంటల మ్యూజికల్, హార్మోనియం తబలా కీబోర్డూ లైవ్‌లో ఉండాలి, పాడుతూ నటించగలిగేవాళ్ళు కావాలి, ఇదంతా ఎవడు పెట్టుకుంటాడు చెప్పు? వెయ్యలేదంటే లెక్క కుదరలేదని, అంతే. లోపాలు ఉన్నాయి, లేవనట్లేదు, కానీ వాళ్ళు ఫోన్ ఎత్తకపోవటానికి అవి కారణం కాదు.

సరే, షో ఆగిపోయాక ఆ పాటలు ఏమయ్యాయి అనేది అసలు విషయం. సోండ్‌హైమ్ వాటిని మూట కట్టి అటక మీద పెట్టలేదు. ఎవరు వింటానంటే వాళ్ళకి వాయించి పాడాడు. అలా విన్నవాళ్ళలో ఆర్థర్ లారెంట్స్ అనే నాటక రచయిత ఒకడు. ఆయనకి ట్యూన్లు పెద్దగా ఎక్కలేదట, మాటలు మాత్రం తెగ నచ్చాయట. తర్వాత ఒక పార్టీలో కనపడితే, లెనర్డ్ బర్న్‌స్టీన్ అనే పేరున్న సంగీతకారుడితో కలిసి ఒక మ్యూజికల్ చేస్తున్నాం, పాటలు రాసేవాడు కావాలి అన్నాడు. బర్న్‌స్టీన్ ముందు కూర్చుని కూడా మనవాడు వాయించింది ఈ ఆడని నాటకం పాటలే. అదే వెస్ట్ సైడ్ స్టోరీ, 1957 సెప్టెంబర్‌లో బ్రాడ్‌వే ఎక్కింది. తమాషా ఏంటంటే ఈయనకి ట్యూన్లు కట్టాలని ఆశ, దొరికిందేమో మాటలు రాసే పని, వద్దనుకున్నాడు కూడా. గురువు, పేరున్న పాటల రచయిత ఆస్కార్ హామర్‌స్టీన్ చెప్పాడు, అంత పెద్దవాళ్ళ పక్కన పని చేసే అవకాశం వదులుకోకురా అని. ఒప్పుకున్నాడు. కాబట్టి నీ పాట విని ఎవరైనా పిలిస్తే నువ్వనుకున్న పనికే పిలుస్తారని లేదు, "డైలాగ్స్ బాగున్నాయి, సీరియల్‌కి రాస్తావా" అనొచ్చు, మూతి ముడుచుకోకు. మంచివాళ్ళ పక్కన కూర్చోనిస్తే చాలు.

ఇంకో ముక్క, నాకైతే ఈ మొత్తం కథలో ఇదే బాగా ఇష్టం. 1959లో జిప్సీ అని ఇంకో పెద్ద హిట్, దానికీ పాటల్లో మాటలు సోండ్‌హైమ్‌వే, ట్యూన్లు జూల్ స్టైన్‌వి. అదయ్యాక ఆ స్టైనే ముందుకొచ్చాడు, శాటర్‌డే నైట్ ప్రొడ్యూస్ చేస్తానని. డైరెక్షన్ పేరున్న డాన్స్ మాస్టర్ బాబ్ ఫాసీ, వేషం కూడా ఫాసీయే. నువ్వూ నేనూ అయితే ఎగిరి గంతేస్తాం కదా! ఆడిషన్లు నడుస్తుంటే సోండ్‌హైమే ఆపించేశాడు. వెనక్కి వెళ్ళి పాత పని మీద కూర్చోవటం ఇష్టం లేదు, ముందుకి రాయాలి, అంతే. ఇందాక తిరగరాయొద్దన్నది అందుకే. ఇప్పుడు నీకు చెయ్యి కొంచెం తిరిగింది, దాంతో ఆ పాత కుర్రాడి పాటని దిద్దటం మొదలుపెడితే వాడి చురుకూ పోతుంది, నీ కొత్త తెలివీ అందులో అతకదు, చివరికి ఇద్దరిలో ఎవరిదీ కాని సరుకు ఒకటి మిగులుతుంది.

పాటలు మాత్రం ఆగలేదు, కచేరీల్లో, రెవ్యూల్లో (అంటే విడివిడి పాటలు కలిపి వేసే షోల్లో) అక్కడొకటీ ఇక్కడొకటీ పాడుతూనే ఉన్నారు. సో మెనీ పీపుల్ అని ఒకటుంది, విను, ఆ వయసువాడు అంత తక్కువ మాటల్తో ఎలా రాశాడా అనిపిస్తుంది. చివరికి మొత్తం నాటకం ఆడింది 1997 డిసెంబర్‌లో, అదీ లండన్‌లో, బ్రైడ్‌వెల్ అనే చిన్న థియేటర్‌లో. అది ఒకప్పుడు ఈతకొలను అట, దాని మీదే హాల్ కట్టారు. 1999లో షికాగోలో వేశారు, 2000 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో, బ్రాడ్‌వే కూడా కాదు, ఆఫ్-బ్రాడ్‌వే, అంటే అంతకన్నా చిన్న థియేటర్లు. అప్పటికి ఎప్‌స్టీన్‌కి తొంభై ఏళ్ళు, సోండ్‌హైమ్ డెబ్బైకి దగ్గర్లో ఉన్నాడు. నలభై ఏళ్ళు దాటి ఆగింది కదా అని అదేమీ మహాద్భుతం అయిపోలేదు, నా మటుకు నాకు అది హుషారైన చిన్న నాటకమే, కథ మధ్యలో కొంచెం నీరసంగా కూడా ఉంటుంది. ఆ నీరసంతో సహా వేశారు, చూశారు, బాగానే ఉంది.

నువ్వు చెయ్యాల్సింది ఇదీ. స్క్రిప్ట్ మీద ఇవాళ్టి తేదీ వేసి ఫోల్డర్ మూసెయ్. కొత్తది మొదలెట్టు, ఈసారి ఆరుగురు నటులకి మించకుండా. పాత పాటల్లోంచి కథ తెలియకపోయినా విడిగా నిలబడే నాలుగైదు ఏరుకో, ట్రాక్ మీద కాదు, మనిషి పక్కన కూర్చుని హార్మోనియం వాయిస్తుంటే పాడు, ఎవరింట్లో అయినా సరే, పదిమంది ఉన్నా సరే. ఫోన్‌లో లింక్ పంపితే ఎవరూ వినరు, నేనూ రెండ్రోజులు ఆగి విన్నాను.

వచ్చే ఆదివారం సాయంత్రం మా ఇంటికి రా, హార్మోనియం వాయించే మా ఫ్రెండ్‌ని పిలుస్తాను, డైరెక్షన్ చేసే వాళ్ళు ఇద్దరు ముగ్గురు వస్తారు, పకోడీల పని మీ వదిన చూసుకుంటుంది. మూడో పాట రెండో చరణంలో మాత్రం పాడేవాడికి ఊపిరి పీల్చుకునే సందు లేదు, అది సరిచేసుకుని రా. అది తిరగరాయటం కిందకి రాదులే.

మీ అన్న