ఎనిమిది టైటిళ్ల క్లబ్ మూతపడింది... మరి నా కంపెనీ షేర్లు?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక లిస్టెడ్ ఐటీ కంపెనీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. పొదుపు మొత్తం 74 లక్షలు. అందులో 58 లక్షలు మా కంపెనీ షేర్లే. ఇంటి ఈఎంఐ 52 వేలు. 2015 నవంబరులో ప్రాజెక్టు పని మీద చైనాలోని గ్వాంగ్‌జౌలో ఉన్నప్పుడు, అక్కడి ఎవర్‌గ్రాండ్ ఫుట్‌బాల్ క్లబ్ ఆసియా చాంపియన్స్ లీగ్ గెలిచిన మ్యాచ్ స్టేడియంలో చూశాను. ఆ క్లబ్ ఇప్పుడు లేదట! మా ఆవిడ ‘మీ షేర్లూ అంతే’ అంటోంది. అమ్మాలా, ఉంచాలా?

జవాబు: అమ్మండి. అన్నీ ఒకేసారి కాదు, కానీ ఈ నెలలోనే మొదలుపెట్టండి.

మీ కంపెనీ మీద నాకు అనుమానం లేదు. ఆ రాత్రి ఆ జట్టు ఆటగాడు ఎల్కెసన్ గోల్ కొట్టినప్పుడు ఆ క్లబ్ మీద కూడా ఎవరికీ అనుమానం వచ్చి ఉండదు. మ్యాచ్ ఫిక్సింగ్ శిక్షతో రెండో డివిజన్‌కు దిగిపోయిన జట్టును 2010లో ఎవర్‌గ్రాండ్ అనే రియల్ ఎస్టేట్ సంస్థ 10 కోట్ల యువాన్లకు కొంది. 2011 నుంచి 2017 దాకా వరుసగా ఏడుసార్లు, మళ్లీ 2019లో లీగ్ టైటిల్ వాళ్లదే. ప్రపంచకప్ గెలిచిన కోచ్‌లు లిప్పీ, స్కొలారీలను తెచ్చారు. 2014లో అలీబాబా అంతటి ఆన్‌లైన్ వ్యాపార సంస్థ 120 కోట్ల యువాన్లు పెట్టి సగం వాటా తీసుకుంది.

అయితే ఈ డబ్బంతా ఎక్కణ్నుంచి వచ్చింది? టికెట్లు, జెర్సీల మీద వచ్చేది ఆ ఖర్చుకు ఏ మూలకూ చాలదు. జాక్సన్ మార్టినెజ్ అనే ఆటగాడు ఒక్కడిని కొనడానికే 2016లో సుమారు 4.2 కోట్ల యూరోలు పోశారు. గాయాలతో అతను ఆడిందే తక్కువ. ఆ లోటంతా పూడ్చింది యజమాని. ఆ యజమానికేమో అప్పులు, కట్టకముందే అమ్మిన ఫ్లాట్లే ఆధారం. 2020 ఏప్రిల్‌లో తామరపువ్వు ఆకారంలో లక్షమంది పట్టే స్టేడియానికి పునాది వేశారు. ఆ ఏడాదే చైనా ప్రభుత్వం రియల్ ఎస్టేట్ సంస్థల అప్పులకు కళ్లెం వేసింది. 2021 చివరికి ఎవర్‌గ్రాండ్ 30,000 కోట్ల డాలర్లకు పైగా బాకీలతో చేతులెత్తేసింది. స్టేడియం పని ఆగిపోయింది, స్థలం వెనక్కి ఇచ్చేశారు. విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు. 2022లో జట్టు మళ్లీ కింది డివిజన్‌కు పడిపోయింది. పాత బాకీలు తీర్చలేక 2025 జనవరిలో లైసెన్సు పోయి, క్లబ్ మూతపడింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది క్లబ్ సంగతి కాదు, ఆ సంస్థ ఉద్యోగుల సంగతి. తన పెట్టుబడి పథకాల్లో డబ్బు పెట్టమని ఎవర్‌గ్రాండ్ సొంత ఉద్యోగులనే ఒత్తిడి చేసింది. కొందరు ఇంట్లోవాళ్ల దగ్గర కూడా తెచ్చి పెట్టారు. చివరికి ఉద్యోగానికీ, దాచుకున్న డబ్బుకూ ఒకేసారి ముప్పు వచ్చిపడింది. మీ జీతం, ఈఎంఐ, 58 లక్షలు కూడా ఒకే కంపెనీకి ముడిపడి ఉన్నాయి. మీ ఆవిడ టెన్షన్ అందుకే.

ముందుగా మీ షేర్లు ట్రేడింగ్ విండో నిబంధన (కొన్ని సమయాల్లో ఉద్యోగులు సొంత కంపెనీ షేర్లు అమ్మకూడదనేది) కిందికి వస్తాయో లేదో హెచ్‌ఆర్‌లో అడగండి. మొదటి విడత అమ్మకం నుంచి ఆరు నెలల ఇంటి ఖర్చు, ఈఎంఐలు కలిపి ఎఫ్‌డీలో వేయండి. ఏడాది దాటిన లిస్టెడ్ షేర్ల లాభంలో ఒక్కో ఆర్థిక సంవత్సరానికి 1.25 లక్షల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అందుకని కొన్ని మార్చిలోపు, కొన్ని ఏప్రిల్లో అమ్మితే ఆ మినహాయింపు రెండుసార్లు దొరుకుతుంది. కానీ పన్ను ఆదా కోసం ఏళ్ల తరబడి ఆగకండి. వచ్చిన డబ్బులో కొంత హోమ్ లోన్‌కు కట్టి, మిగతాది ఇండెక్స్ ఫండ్‌లో (ఒకేసారి చాలా కంపెనీల షేర్లు ఉండే ఫండ్) నెలనెలా వేయండి.

రెండేళ్లలో కంపెనీ షేర్లు 7 లక్షలకు దిగాలి. ఇకముందు కంపెనీ ఇచ్చే కొత్త షేర్లు ఖాతాలో పడగానే అమ్మేయండి. ఆ రోజు ధర మీద జీతంతోపాటే పన్ను పడిపోతుంది కాబట్టి, వెంటనే అమ్మితే అదనంగా కట్టాల్సింది దాదాపు ఉండదు.